రాహువును భూచ్ఛాయయు

పున్నమినాఁటి చంద్రుఁడు కన్నులయెదుటనే యంచునుండి నల్లఁబడుటయు, గొంతసేపునకు మరల యథాస్థితి నొందుటయుఁ జూచినవాఁ డెవ్వఁడైనను మొదట నడుగు ప్రశ్న యొక్కటియే: వానిఁ బట్టినవాఁ డెవ్వఁడు? ఈ ప్రశ్నకు భారతదేశమున రెండు సమాధానములు పుట్టినవి. ఒకటి రాహువు, రెండవది భూమియొక్క నీడ. రెండవది పుట్టఁగనే మొదటిదానిని వెడలఁగొట్టెనని సామాన్యముగాఁ దలంతురు. జరిగినది యట్లు కాదు. రెండును నొక్కయింటఁ బెక్కు శతాబ్దములు కాపుర ముండినవి. ఆ కాపుర మెట్లు కుదిరెనో తెలియుటకు జ్యోతిషగ్రంథములతోఁబాటు శబ్దములనుగూడఁ బరిశీలింపవలసి యున్నది.

ఋగ్వేదము 5వ మండలము 40వ సూక్తమున స్వర్భానుఁ డను నాసురుఁడు సూర్యునిఁ జీఁకటితోఁ గొట్టెననియు, నత్రి యా సూర్యుని మరలఁ గనుగొనెననియు నున్నది. రాహుశబ్ద మచ్చట లేదు. అది యథర్వవేదము 19వ కాండమునఁ గానవచ్చును. పాణిని తన యష్టాధ్యాయిలో 3వ యధ్యాయము 2వ పాదమున, విధు, అరుస్ అను రెండు శబ్దములు పూర్వమందున్నపుడే తుదధాతువునకు ఖశ్ప్రత్యయమును విధించెను. ముమాగమము వేఱొక సూత్రమువలన సిద్ధించును. ఇట్లేర్పడిన 'విధుంతుద' శబ్దమునకుఁ జంద్రునిఁ బొడుచువాఁ డని యర్థము. ఈ రూపసిద్ధికొఱకు సూత్రకారుఁడు ప్రత్యేకముగా సూత్రము చేయవలసి వచ్చెననఁగా, నాఁటి లోకమున నీ పదమునకు వ్యవహార మెంత బలముగా నుండెనో యూహింపవచ్చును. అమరసింహుఁడును దీనిని రాహుపర్యాయములలోఁ జేర్చెను.

అయితే యా యమరకోశమే గ్రహణమునకు 'ఉపరాగ' మను పేరునుగూడఁ జెప్పినది. ఇది రంజధాతువువలనఁ బుట్టినది. వన్నె పట్టుట దీని యర్థము. గ్రహణశబ్దము వినఁగనే పట్టువాఁ డొకఁడు మనస్సునకుఁ దోఁచును. ఉపరాగశబ్దమున నట్టివాఁడు లేఁడు; మాఱిన వన్నెమాత్రమే యున్నది. తెలుఁగువారు పట్టుస్నానము, విడుపుస్నానము అనునపుడు నిలిచినది మొదటి భావమే.

ఈ వన్నె విషయ మల్పము కాదు. సంపూర్ణగ్రహణమునఁ జంద్రుఁడు తఱచుగా మాయమైపోక రాగిరంగునఁ గనఁబడును. నీడలో మునిఁగినవానికి వెలుఁగెక్కడిది? సూర్యసిద్ధాంతము గ్రహణవర్ణములను వరుసగాఁ జెప్పినది: సగముకంటెఁ దక్కువ కప్పఁబడినపుడు పొగరంగు, సగము మించినపుడు నలుపు, సంపూర్ణమునఁ గపిలవర్ణము. చూచినది చూచినట్లు వ్రాసెనేకాని కారణమును జెప్పలేదు. కారణమిది. భూమిని జుట్టియున్న వాయుమండలము తన యంచులఁ దాఁకిన సూర్యకిరణములను వంచి నీడలోనికిఁ బంపును. అంత దట్టమైన గాలిలోఁ బయనించునపుడు నీలివెలుఁగు చెదరిపోయి యెఱుపు మిగులును. సాయంకాలపు టాకాశ మెఱ్ఱనగుటకును గారణ మిదియే. అప్పుడు చంద్రునిపై నిలిచి చూచువాఁ డుండినచో వానికి నల్లని భూమిచుట్టు నెఱ్ఱని వలయ మొకటి కానవచ్చును. భూలోకమునఁ దత్క్షణమందలి యుదయాస్తమయము లన్నియు నా వలయమే. ఉపరాగ మను పేరు పెట్టినవాఁ డెవ్వఁడో కాని కన్ను గలవాఁడు.

ఇఁక శాస్త్రము. కలియుగమున 3600 సంవత్సరములు గడచునప్పటికిఁ దనకు 23 ఏండ్లని చెప్పుకొన్న యార్యభటుఁడు, అనఁగా క్రీ. శ. 499 నాఁటివాఁడు, గోళపాదమున సూర్యునిఁ గప్పునది చంద్రుఁడనియుఁ, జంద్రునిఁ గప్పునది భూమియొక్క పెద్దనీడ యనియు స్పష్టముగాఁ జెప్పెను. చెప్పి యూరకుండలేదు, నీడ పొడవును, జంద్రకక్ష్యకడ దాని వెడల్పును గట్టు విధానమును నిచ్చెను. ఆతని మానమున భూవ్యాసము 1050 యోజనములు, సూర్యవ్యాసము 4410, చంద్రవ్యాసము 315. ఆతఁడిచ్చిన కక్ష్యామానములనుబట్టి చంద్రుని దూరము 34377 యోజనములు, సూర్యుని దూరము 459585. లెక్క కట్టినచో నీడ పొడవు సుమారు 143620 యోజనములును, జంద్రుఁడున్న చోట దాని వెడల్పు సుమారు 799 యోజనములును వచ్చును. అనఁగాఁ జంద్రబింబమునకు రెండున్నర రెట్లు. నేఁటి కొలఁతలలో నిది రమారమి రెండును మూఁడింట రెండు రెట్లు. సూర్యుఁడు చంద్రునికంటె దాదాపు 390 రెట్ల దూరమున నున్నాఁడని నేఁడు తెలిసినది. ఆర్యభటున కది పదుమూఁడు రెట్లు మాత్రమే. ఇంత భేదమున్నను నీడ కొలఁత చాలవఱకు నిలిచినది. ఏలయన, నీడ వెడల్పు ముఖ్యముగాఁ జంద్రుని దూరమును, సూర్యబింబము కంటికిఁ గనఁబడు పరిమాణమును బట్టి యుండును. ఆ రెండును నాతనికి సత్యమునకు సమీపముగాఁ దెలిసియుండెను.

భూమికి నీడ యెల్లప్పుడు నుండఁగాఁ బ్రతి పున్నమకు గ్రహణ మేల రాదను శంక సహజము. చంద్రుని మార్గము సూర్యుని మార్గముతో నొక్క తలమున లేదు. ఆ వాలును మనవారు నాలుగున్నర యంశలుగాఁ గొనిరి, నేఁటి లెక్కకు నైదంశలకుఁ గొంచెము మించును. ఈ రెండు మార్గములు ఖండించుకొను బిందువు పాతము. పున్నమనాఁడు చంద్రుఁడు దాని సమీపమున నున్నఁగాని నీడలోఁ బడఁడు. ఈ పాతము వెనుకకు నడచును. 43,20,000 సంవత్సరముల యుగమున 2,32,226 పర్యాయములు తిరుగునని యార్యభటుని లెక్క, అనఁగాఁ బర్యాయమునకుఁ బదునెనిమిదిన్నర యేండ్లకుఁ బైచిలుకు. తరువాతివారు రాహునామము నీ బిందువునకే యిచ్చిరి. రక్కసునకు దేహము పోయి స్థానము మిగిలినది!

రాహువును న్యాయస్థానమునకుఁ బిలిచి ప్రశ్నించినవాఁడు వరాహమిహిరుఁడు. ఆఱవ శతాబ్దమునాఁటి బృహత్సంహిత 5వ యధ్యాయమున నాతఁ డడిగిన ప్రశ్నలు సూటియైనవి. రాహువునకు దేహమును, రాశిచక్రమున గతియు నున్నచోఁ దనకు నాఱురాశుల దూరమందున్న బింబము నెట్లు పట్టును? గతి నియతము కానిచో గణితమున కెట్లు దొరకును? పిమ్మట నాతఁడు కంటికిఁ గనఁబడు సాక్ష్యమును జూపెను. చంద్రగ్రహణము పడమటి యంచున మొదలు కాదు. సూర్యగ్రహణము తూర్పుటంచున మొదలు కాదు. చంద్రుఁడు తూర్పునకు నడచుచు నీడలోఁ జొచ్చును గనుక వాని తూర్పుటంచు ముందు నల్లనగును. ఆ నడకతోనే సూర్యునిఁ గప్పును గనుక సూర్యుని పడమటి యంచు ముందు కప్పఁబడును. సగము గ్రస్తమైన చంద్రుని కొమ్ములు మొద్దువారియుండును, గప్పునది పెద్దది గనుక. సూర్యుని కొమ్ములు వాఁడిగా నుండును, గప్పునది చిన్నది గనుక. మ్రింగునోరు రెంటికి నొక్కటియే యైనచో నీ భేద మెట్లు కలుగును? ఈ సాక్ష్యమునకు యంత్రమక్కఱలేదు. చంద్రగ్రహణమైనచో వాకిట నిలిచి పసివాఁడును జూడవచ్చును. ఇంత వాదించియు నాతఁడు రాహువును వదలలేదు. గ్రహణకాలమున నిచ్చు దానహోమములలో భాగము పొందునట్లు రాహువునకు బ్రహ్మ వర మిచ్చెనని చెప్పి సమాధానపఱచెను.

క్రీ. శ. 628లో, ముప్పదియేండ్ల ప్రాయమున, బ్రహ్మగుప్తుఁడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున నార్యభట వరాహమిహిరాదులను బేరుపేరున నిందించెను. రాహువు కారణము కాదనుట శ్రుతిస్మృతులకును లోకమునకును విరుద్ధమట. రాహువు లేనిచో గ్రహణకాలకర్మలు నిష్ఫలములగునట. ఆశ్చర్యమేమనఁగా, నా గ్రంథముననే గ్రహణగణితమంతయు భూచ్ఛాయనుబట్టియే నడచినది. క్రీ. శ. 1030 ప్రాంతమున భారతదేశమునుగూర్చి వ్రాసిన అల్ బిరూనీ యీ వైరుధ్యమును బట్టుకొని, సోక్రటీసునకుఁ బట్టిన గతి తనకుఁ బట్టకుండుటకై యీ పండితుఁ డట్లు వ్రాసెనేమో యని శంకించెను. భయమని నిశ్చయించుట కాధారము లేదు. అయినను బ్రహ్మగుప్తుని వాదము దుర్బలమనక తప్పదు. స్నానదానాదులకు నిమిత్తము గ్రహణమే కాని గ్రహణకర్త కాఁడు. పట్టినది నీడ యైనను రాహువైనను నిమిత్తము నిలిచియే యున్నది; కర్మకు హాని లేదు. హాని యంతయు నార్యభటాదుల కీర్తికే కలిగినది. మహాగణితజ్ఞుఁ డొకఁడు తానే యంగీకరించి వాడుకొన్న సత్యమును బలికినవారిని వేదబాహ్యులనఁగా లోకులు వానిమాటనే నమ్ముదురు గదా.

ఎనిమిదవ శతాబ్దపు లల్లుఁడు శిష్యధీవృద్ధిదమున మిథ్యాజ్ఞానముల నిరాకరించు నధ్యాయమునఁ జేర్చి రాహువాదమును ఖండించెను. భాస్కరాచార్యుఁడు 1150 నాఁటి సిద్ధాంతశిరోమణిలోఁ గొమ్ములు మొదలగు యుక్తులను మరలఁ జెప్పి, బ్రహ్మవరమువలన రాహువు భూచ్ఛాయలోఁ బ్రవేశించి చంద్రునిఁ, జంద్రునిలోఁ బ్రవేశించి సూర్యునిఁ గప్పునని యిరుపక్షములకును సంధి చేసెను. గణకులకు నీడ దక్కినది. పౌరాణికులకు రాహువు దక్కెను. పంచాంగకర్త నీడతో లెక్కకట్టి రాహుగ్రస్తమని చదువు నాచారమునకు బలమిచ్చినది యీ సంధియే.

1868 ఆగస్టు 18వ తేది సంపూర్ణసూర్యగ్రహణచ్ఛాయ తెలుఁగుదేశముమీఁదుగాఁ బోయినది. ఫ్రెంచి పండితుఁడు జాన్సెన్ గుంటూరున వర్ణచ్ఛేదకయంత్రముతో సూర్యుని యంచున లేచు జ్వాలలను బరీక్షించి, యవి ప్రధానముగా హైడ్రోజన్ వాయువని గుర్తించెను. మఱునాఁడు గ్రహణము లేకయే వానిని మరలఁ జూడఁగలిగెను. మచిలీపట్టణమున మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ చూచెను. నాఁడు కనఁబడిన పసుపురేఖ హీలియమను మూలపదార్థమునకుఁ జెందినదని తరువాతఁ దేలినది. 1895లో రామ్సే దానిని భూమిమీఁదనే కనుగొనెను. రంగునుబట్టియే సూర్యుని లోని పదార్థము తెలిసినది గనుక నది యక్షరాల నుపరాగమే. ఆ దినమున నిజాము రాజ్యములోని వనపర్తియొద్ద దూరదర్శినితో నిలిచినవాఁడు మద్రాసు వేధశాలలోని చింతామణి రఘునాథాచార్యుఁడు. ఆతఁడు 1874 నాఁటి శుక్రసంక్రమణమునకు ముందుగా, నది యేల కలుగునో దేశభాషలలో జనులకుఁ దెలుపుటకుఁ జిన్నపుస్తకమును వ్రాసి ప్రకటించెను.