గొరవయ్యలు

మైలార లింగని పేరిట దీక్ష పుచ్చుకుని వీధుల్లో ఆడే కురుబ కళాకారులు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు పల్లెల్లోనూ, ఎల్ల దాటి కర్ణాటకలోనూ వీరి సంప్రదాయం ఉంది. తలపై ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతుల్లో డమరుకం, పిల్లనగ్రోవి, భుజాన భండారం సంచి, అంటే పసుపు సంచి. ఒంటిమీద నల్ల కంబళి. ఈ వేషానికి ప్రాణం ఆ కంబళే. మంద కాయడం, ఉన్ని కత్తిరించడం, వడకడం, నేయడం కురుబల కులవృత్తి. కాపరికి వానలో గొడుగు, రాత్రి పడక అయ్యేదే ఆటలో పవిత్ర వస్త్రమవుతుంది. తమ శ్రమనే ధరించి దేవుడి ముందు నిలబడే ఈ కళకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. దసరాకు దేవరగట్టు మాళ మల్లేశ్వరుని ఉత్సవంలో కారణికం, అంటే భవిష్యవాణి, చెబుతారు. వానలు, పత్తి, జొన్న ధరలు ఎలా ఉంటాయోనని రైతులు చెవులు రిక్కించి వింటారు.