చిట్టాకెక్కని పనిమనిషి

విశాఖపట్నం చరిత్రలో 17వ శతాబ్దం అంటే ఓడలూ, బట్టల బేళ్ళూ. గోల్కొండ సుల్తానుల ఏలుబడి, భీమిలిలో డచ్చివాళ్ళు, 1680ల్లో విశాఖలో ఇంగ్లీషు కంపెనీ స్థావరం, 1687లో గోల్కొండ పతనం. ఇందులో నేను వెతికే మనిషి మాత్రం లేదు. ఈ చుట్టుపక్కల పల్లెలో, ఓ పెద్దరైతు ఇంట్లో చాకిరీ చేసిన ఆడమనిషి.

ఆమె కోసం కావ్యాల దగ్గరికే వెళ్ళాలి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో చేసింది అదే. కదిరీపతి 'శుకసప్తతి' లాంటి వాటిలోంచి తిండీ, బట్టా, ఇల్లూ ఏరిపెట్టారు. ఇంకో నూరేళ్ళు వెనక్కి వెళ్తే, 'ఆముక్తమాల్యద' వానాకాలంలో నిప్పు కోసం గడపలెక్కడం, పొగలో వంట కనిపిస్తాయి.

అగ్గిపెట్టె లేని కాలం మరి. పొయ్యి ఆరితే పక్కింటి నిప్పే గతి. రాత్రి నిప్పుని బూడిదలో కప్పి కాపాడ్డం కూడా ఒక పనే. ధాన్యం ఎండబెట్టి, రోకలితో దంచి, చేటతో చెరిగితేగానీ ఎసట్లోకి గింజ రాదు. చోళ్ళయితే తిరగలి తిప్పాలి. నీళ్ళు మొయ్యాలి, కళ్ళాపి జల్లాలి, పిడకలు చెయ్యాలి, మజ్జిగ చిలకాలి.

వీటి మధ్యలో రాట్నం. కంపెనీలు ఎగబడి కొన్న బట్టల్లోని నూలు ఎక్కువగా పల్లెటూరి ఆడవాళ్ళు వడికిందే. కంపెనీ చిట్టాలో బట్ట రకం, ధర ఉంటాయి. వడికిన మనిషి ఉండదు.

రోజూ లాగ్ ఫైళ్ళు చదివే ఉద్యోగం నాది. లాగ్‌లో లేదంటే జరగలేదని కాదు, రాయాలని ఎవరికీ అనిపించలేదని.

అలాంటివాళ్ళు లెక్కకెక్కిన చోటు ఒకటుంది. 1659-61 కరువులో, ఇదే తీరానికి దక్షిణాన, తెలుగు నాయకులు ఏలుతున్న తంజావూరు సీమలో, ఆకలికి అమ్ముడైన వేలమందిని డచ్చివాళ్ళు బానిసలుగా ఓడలెక్కించారు. సిలోనుకీ, బటావియాకీ. ఇళ్ళల్లో పడ్డవాళ్ళకి అక్కడా అదే వంటా, అదే ఊడుపూ. పల్లెలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళని ఎవరూ రాయలేదు. రాసిన రోజున సరుకుగా రాశారు.

అందుకే 'ఆధారాల్లేవు' అనే మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. రోలూ, చేటా, తిరగలీ ఇంకా ఉన్నాయి. మ్యూజియంలో తిరగలి కింద 'పాతకాలపు వస్తువు' అని రాసి ఊరుకుంటాం. దాన్ని తిప్పిందెవరో కూడా ఆ చీటీలో రాయాలి.