పావురాల పెంపకందారుల నడుమ చార్లెస్ డార్విన్

1. పరిచయం

విజ్ఞానశాస్త్ర చరిత్రను సాధారణంగా మహామేధావుల చరిత్రగా చదువుతాం. ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు, గ్రంథాలు అందులో ప్రధానస్థానం పొందుతాయి. పెరట్లో పక్షులను పెంచుకునే సామాన్యుల జ్ఞానం ఆ చరిత్రలోకి ఎలా ప్రవేశించింది? వారి సమూహంలోకి వెళ్లిన ఒక పండితుడు అక్కడ గౌరవం ఎలా సంపాదించుకున్నాడు? ఈ పాఠ్యభాగంలో 1855 తరువాతి కాలంలో లండన్ పావురాల పెంపకందారులకూ, చార్లెస్ డార్విన్‌కూ మధ్య ఏర్పడిన సంబంధాన్ని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. పావురాల పెంపకందారుల సమాజం

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పావురాల పెంపకం అన్ని తరగతులకూ చెందిన అభిరుచి. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ ప్రాంతపు నేతపనివారు దీనికి పేరుపొందారు. సంపన్నులూ ఖరీదైన రకాలను పెంచేవారు. విసనకర్రలా తోక విప్పే ఫాన్‌టెయిల్, మెడ కింది సంచిని గాలితో ఉబ్బించే పౌటర్, పెద్ద శరీరం గల రంట్, పొట్టి ముక్కు గల టంబ్లర్ వంటి రకాలు వారి సేకరణల్లో ఉండేవి. పెంపకందారులు సంఘాలుగా ఏర్పడి, పక్షులను ప్రదర్శించి, వాటి గుణదోషాలను చర్చించేవారు.

ఈ సమాజంలో హోదాకు కొలమానం వేరు. బిరుదులూ పట్టాలూ అక్కడ పెద్దగా పనికిరావు. రెండు పక్షుల మధ్య సామాన్యుడి కంటికి ఆనని తేడాను గుర్తించగలగడం, మంచి గుణాలను తరతరాలుగా నిలబెట్టగలగడం అక్కడి గౌరవానికి మూలం. కోరిన రంగు ఈకలను మూడేళ్లలో రప్పించగలను గాని, కోరిన తల, ముక్కు రావాలంటే ఆరేళ్లు కావాలని సర్ జాన్ సీబ్రైట్ అనేవాడని డార్విన్ తన గ్రంథంలో పేర్కొన్నాడు. ఈ ఓర్పే ఆ సమాజపు విలువ.

3. కొత్త సభ్యుడు

1855 నాటికి డార్విన్ పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త. బీగిల్ నౌకాయాత్ర ముగిసి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. అయినా పావురాల విషయంలో ఆయన కొత్తవాడే. పక్షిశాస్త్రవేత్త విలియం యారెల్ ప్రోత్సాహంతో కెంట్‌లోని తన ఇంట్లో పావురాలగూడు కట్టించి, దొరికిన ప్రతి రకాన్నీ పెంచడం మొదలుపెట్టాడు. చదివి తెలుసుకోవడంతో సరిపెట్టక, తానే మేత వేసి, గమనించి, సంకరం చేసి చూశాడు.

తరువాత లండన్‌లోని రెండు పావురాల సంఘాల్లో చేరాడు. 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’లో ఈ సంగతి చెబుతూ, తనకు చేరేందుకు అనుమతి లభించిందనే అర్థంలో రాశాడు. ఆ మాటతీరును చరిత్ర విద్యార్థి గమనించాలి. పండితుడు సంఘాన్ని అనుగ్రహించినట్లు కాక, సంఘమే ఆయనను చేర్చుకున్నట్లు చెప్పాడు.

బరో ప్రాంతంలోని ఒక సారాయి దుకాణంలో పెంపకందారులతో గడిపిన సాయంత్రం గురించి డార్విన్ మిత్రుడు హక్స్‌లీకి ఉత్తరంలో వర్ణించాడు. ఎవరో పరిమాణం పెంచడానికి పౌటర్లను రంట్లతో సంకరం చేశాడన్న మాట రాగానే అందరూ గంభీరంగా తలలు ఆడించారట. దీనిని నవ్వులాటగా కొట్టిపారేయకుండా, డార్విన్ అందులో సాక్ష్యం చూశాడు. రకాలను మెరుగుపరచడంలో సంకరం పాత్ర స్వల్పమనీ, ఓపికగా సాగే ఎంపికే ప్రధానమనీ ఆయనకు బోధపడింది.

4. సహాయం, గుర్తింపు

ఈ సమాజంలో డార్విన్‌కు ముఖ్యమైన మార్గదర్శి విలియం బెర్నార్డ్ టెగెట్‌మయర్. కోళ్లు, పావురాలు, తేనెటీగల గురించి విస్తృతంగా రాసిన ఈ రచయితను డార్విన్‌కు పరిచయం చేసినది కూడా యారెల్‌నే. టెగెట్‌మయర్ ఏళ్ల తరబడి సమాచారమూ, పక్షులూ అందించాడు. డార్విన్ ఆయన పేరును ముద్రణలో గుర్తించాడు. ‘జాతుల ఉత్పత్తి’లో తేనెపట్టు గదుల చర్చలోనూ ఆ పేరు కనిపిస్తుంది. 1868లో వచ్చిన పెంపుడు జంతువులూ మొక్కల గ్రంథంలో పావురాలకే రెండు అధ్యాయాలు కేటాయించి, సమాచారమిచ్చిన అనేకులను పేరుపేరునా పేర్కొన్నాడు.

5. గౌరవంతో కూడిన విభేదం

సమూహంలో కలిసిపోవడమంటే దాని నమ్మకాలన్నీ అంగీకరించడం కాదు. ఒక్కొక్క రకం ఒక్కొక్క అడవి జాతి నుండి పుట్టిందని చాలామంది పెంపకందారుల విశ్వాసం. అన్నీ ఒకే రాతి పావురం నుండి వచ్చాయని డార్విన్ వాదించాడు. మన గుడి గోపురాల మీద కనిపించే పావురమూ ఈ జాతిదే. తెల్ల ఫాన్‌టెయిల్‌లను నల్ల బార్బ్‌లతో సంకరం చేసి, వాటి సంతతిని మళ్లీ జతకూర్చగా, ఒక మనుమడి తరం పక్షికి రాతి పావురపు నీలిరంగూ, రెక్కలపై రెండు నల్ల చారలూ వచ్చాయి. పెంపకందారుల పద్ధతితోనే వారి నమ్మకాన్ని పరీక్షించాడు. వారిని తక్కువచేయక, ఏళ్ల తరబడి తేడాలనే చూసే కంటికి మూలంలోని పోలిక కనబడకపోవచ్చని వివరించాడు.

6. తెలుగు నేలతో సంబంధం

డార్విన్‌కు భారతదేశం నుండి పావురాల చర్మాలు పంపినవాడు వాల్టర్ ఇలియట్. ఉత్తర సర్కారులలో కమిషనరుగా పనిచేసిన ఈయనే 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించాడు. తెలుగు జిల్లాల మొక్కల పేర్ల జాబితాను 1859లో ప్రచురించాడు. ‘జాతుల ఉత్పత్తి’లో డార్విన్ ఇలియట్‌ను పేరుతో స్మరించాడు. అక్బరు ఆస్థానంలో ఇరవై వేలకు తగ్గకుండా పావురాలు ఉండేవని కూడా రాశాడు. అయితే ఇలియట్ పంపిన పక్షులను పెంచిన భారతీయుల పేర్లు ఆ కృతజ్ఞతలో లేవు. టెగెట్‌మయర్‌కు దక్కిన గుర్తింపు వారికి దక్కలేదు. సముద్రం దాటిన సమాచారం వలస అధికారి చేతుల మీదుగా సాగింది, గుర్తింపు ఆ అధికారి దగ్గరే ఆగింది.

7. సారాంశం

ఒక అభిరుచి సమాజంలో గౌరవం బయటి హోదాతో రాదు. స్వయంగా పని చేయడం, తెలియనిది అడగడం, సహాయాన్ని పేరుతో గుర్తించడం, విభేదించేటప్పుడు సాక్ష్యం చూపడం వల్ల వస్తుంది. ఆ గౌరవం వల్లనే పెంపకందారుల జ్ఞానం శాస్త్రానికి సాక్ష్యమైంది. సంభాషణకు దూరంగా ఉన్నవారి జ్ఞానం మాత్రం పేరు లేకుండానే గ్రంథంలో చేరింది. చరిత్ర రాసేవారు రెండింటినీ గమనించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పావురాల పెంపకందారుల సమాజంలో హోదాకు కొలమానం ఏమిటి?
2. ఒకే మూలజాతి వాదాన్ని డార్విన్ ఏ ప్రయోగంతో బలపరిచాడు?
3. టెగెట్‌మయర్‌కూ, భారతీయ పెంపకందారులకూ దక్కిన గుర్తింపులోని తేడాను చర్చించండి.