స్వచ్ఛంద కష్ట సాధన

స్వచ్ఛంద కష్ట సాధన అనగా అవసరం లేకపోయినా కొంతకాలం ఆకలిని, చలిని, కటిక నేల పడకను కోరి అనుభవించి, వాటిపట్ల గల భయాన్ని పోగొట్టుకొనే అభ్యాసం. దీనిని స్టోయిక్ తత్త్వవేత్తలు బోధించారు. కర్నూలు, కడప ప్రాంతాలలో ఆచరణలో ఉన్న కొన్ని దీక్షలు దీనిని పోలి ఉంటాయి.

తాత్త్విక నేపథ్యం

క్రీ.పూ. 300 ప్రాంతంలో జీనో ఏథెన్సు నగరంలో స్టోయిక్ సంప్రదాయాన్ని ప్రారంభించాడు. శీలమొక్కటే నిజమైన మేలు అని వీరి సిద్ధాంతం. క్రీ.శ. 1వ శతాబ్దంలో ముసోనియస్ రూఫస్ చలికి, ఎండకు, ఆకలిదప్పులకు ఓర్చుకొనడం వలన శరీరం, మనస్సు రెండూ దృఢపడతాయని బోధించాడు. మిక్కిలి ధనవంతుడైన సెనెకా (మరణం క్రీ.శ. 65) తన మిత్రుడు లూసిలియస్‌కు వ్రాసిన 18వ లేఖలో, అప్పుడప్పుడు కొన్ని రోజులు చవకైన తిండితో, ముతక బట్టతో గడిపి, తాను భయపడినది ఇంతేనా అని ప్రశ్నించుకొమ్మన్నాడు. బానిసగా జీవించిన ఎపిక్టెటస్, ఈ సాధనను ఇతరుల మెప్పు కోసం చేయరాదని హెచ్చరించాడు.

రాయలసీమలో పోలికలు

ఒక్కపొద్దు ఉండడం ఇక్కడ సర్వసాధారణం. ముస్లిముల రంజాన్ ఉపవాసాన్ని కూడా తెలుగువారు ఒక్కపొద్దు అని వ్యవహరిస్తారు. అయ్యప్ప దీక్షలో 41 రోజులపాటు చన్నీటి స్నానం, నేలపై నిద్ర, పాదరక్షలు లేని నడక నియమాలు. శివరాత్రికి, ఉగాదికి భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో కాలినడకన శ్రీశైలం చేరుతారు. శ్రీశైలం పూర్వం కర్నూలు జిల్లాలో ఉండగా, 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. అయితే ఈ దీక్షలకు మూలం దైవభక్తి. స్టోయిక్కుల సాధనకు మూలం భయవిముక్తి.

సాధనకు, దుర్భిక్షానికి భేదం

కోరి పడే కష్టం, తప్పక పడే కష్టం ఒకటి కావు. 1876-78 నాటి మహా కరువు కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా పీడించింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని కూలీల గ్రాసాన్ని రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యానికి, దానితోపాటు స్వల్ప నగదుకు కుదించాడు. శ్రమించే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించగా, అదే సంవత్సరం ఆ గ్రాసాన్ని పెంచారు. సెనెకా తన సాధనను ఏ రోజైనా విరమించగలడు. కరువు కూలీకి ఆ వీలు లేదు. కనుక ఓర్పును తనకు తాను విధించుకొంటే అది సాధన అవుతుంది. ఆకలితో ఉన్నవానికి ఇతరులు బోధిస్తే అది అన్యాయమవుతుంది.

నిత్యజీవితంలో

వారానికొకనాడు ఉత్త జొన్నరొట్టెతో సరిపెట్టుకొనడం, చాప మీద నిద్రించడం, దగ్గరి దూరాలకు నడచి వెళ్ళడం తేలికైన పద్ధతులు. ఒకరికి సాధన అయిన రొట్టె మరొకరికి నిత్యాహారమని గుర్తించడం కూడా ఈ అభ్యాసంలో భాగమే. తత్త్వం కోరేది నిరాడంబరత గాని శరీరహింస కాదని సెనెకా 5వ లేఖలో స్పష్టం చేశాడు. మధుమేహం వంటి వ్యాధులు గలవారు వైద్యుని సలహా లేకుండా ఉపవాసం చేయరాదు.