పశుప్రీతి – పచ్చిక హక్కు

నిరుడు తరగతిలో వొక విద్యార్థి లేచి, "కరువొస్తే ఎద్దును కటికవానికి అమ్ముకునే రైతుకు పశువు మీద ప్రేమ వుందని యెట్లా నమ్మాలి సార్?" అని అడిగాడు. పట్నవాసపు పిల్లవాడు. ఇంట్లో కుక్కను పెంచుకుంటున్నాడు. అది జబ్బు పడితే రాత్రంతా మేలుకునే రకం. వెటకారానికి అడగలేదు. నేను పెనుకొండ ప్రాంతపు వాణ్ణి. మా నాయన సంతకు తోలుకుపోయిన ఎద్దు నాకింకా గుర్తుంది. ఆ రోజు గంట కొట్టేలోపల సరైన జవాబు చెప్పలేకపోయాను.

పెనుకొండ కోట చూడవచ్చినవారికి గగనమహలు చూపిస్తాం. 1565లో విజయనగరం పతనమయ్యాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చాడని చెబుతాం. ఆ రాజ్యం యే జంతువు వీపు మీద నిలబడిందో మాత్రం చెప్పం. గుర్రాల వర్తకుడుగా వచ్చి, 1535 ప్రాంతంలో విజయనగరంలో వుండిన పోర్చుగీసువాడు నూనిజ్ దాన్ని వ్రాసిపెట్టాడు. సాళువ నరసింహుడు హోర్ముజు, ఏడెన్ రేవులనుంచి గుర్రాలను తెప్పించేవాడట. నడిసముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు, బ్రతికిన గుర్రానికిచ్చిన వెలే ఇచ్చేవాడట. తరువాతి రాయల కాలంలో ఏటా 13,000 గుర్రాలు కొనేవారని కూడా అతడే అంటాడు.

యీ సొమ్మంతా యెక్కడిది? రైతు పంటలో పదింట తొమ్మిది వంతులు దొరలకు పోయేవని నూనిజే వ్రాశాడు. అది అతిశయోక్తి అనుకొని సగం కొట్టివేసినా మిగిలేది తక్కువ కాదు. చచ్చిన గుర్రపు తోకకు వెల కట్టింది బ్రతికున్న ఎద్దు మెడ మీది కాడి. (ఉలవలకు ఇంగ్లీషు దొరలు పెట్టిన పేరు హార్స్‌గ్రామ్. మా ఇళ్ళలో అది మనుషుల తిండి.)

అదే రాజ్యంలో, హిందూపురం దగ్గర లేపాక్షిలో, ఒకే బండలో బసవన్నను చెక్కారు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పేరు, కాళ్ళు మడిచి పడుకున్న తీరు చూస్తే, ఆ శిల్పి యే కొట్టంలోనో ఎద్దు పక్కన పెరిగినవాడని తెలిసిపోతుంది. ఏరువాక పున్నమినాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, తాము తినకముందే వాటికి పెట్టే జనంలోనుంచి వచ్చిన చెయ్యి అది. మా కురుబలు మందలతో తిరిగి రాత్రిళ్ళు చేలలో గొర్రెలను ఆపేవారు. గొర్రె ఎరువు రైతుకు, రైతు గింజలు కాపరికి. పశువును సాకడమంటే యీ పరస్పరమే, జాలి కాదు.

దీన్ని తెంచింది కుంపిణీ తరువాత వచ్చిన సర్కారు. తెంచిన తేదీలు చట్టాల పుస్తకంలోనే వున్నాయి. 1871లో పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. హద్దు దాటిన గొడ్డు బందెలదొడ్డికి. గడువులో జుల్మానా కట్టి విడిపించుకోకపోతే వేలానికి. తరువాత 1876-78 ధాత కరువు. సర్ రిచర్డ్ టెంపుల్ పనికి వచ్చిన మగవానికి రోజుకు పౌను గింజలు, ఒక అణా చాలునన్నాడు. మనిషికే పౌనయినప్పుడు గొడ్డు మాటెవరెత్తుతారు? వానలు పడిన తరువాత కూడా దున్నడానికి ఎద్దు లేక పొలాలు బీడుపడ్డాయి. ఆ విధంగా కరువు తన్ను తానే పొడిగించుకుంది. జనం యింకా తేరుకోకముందే, 1882లో మద్రాసు అడవుల చట్టం. అనంతపురం జిల్లా బళ్ళారినుంచి విడిపోయి యేర్పడింది ఆ యేడే. అడవుల మీద ఊళ్ళకు అనాదిగా హక్కులున్నాయని మద్రాసు రెవిన్యూ బోర్డే అంతకుముందు వాదించింది. ఆ వాదన నెగ్గలేదు. పెనుకొండ చుట్టూ కొండలు రిజర్వులయ్యాయి, పచ్చికకు పుల్లరి వచ్చింది. ఆ పుల్లరి మీదనే పల్నాడు తిరగబడి, 1922లో కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో ప్రాణమిచ్చాడు.

పచ్చిక లాక్కున్న ఎనిమిదేళ్ళకు, 1890లో, అదే ప్రభుత్వం జంతుహింసా నివారణ చట్టం చేసింది! బజారులో ఎద్దును కొట్టిన బండివాడు నేరస్థుడు. కొండ కింద ఎద్దును పస్తుంచిన అటవీశాఖ కాదు. కొట్టడం మంచిదని నేననడంలేదు. బండివాని చేతి కర్ర కంటికి కనబడుతుంది, పుల్లరి రసీదు కనబడదు.

స్వాతంత్ర్యం తరువాత 1960లో వచ్చిన చట్టం దానికంటే యెంతో మేలు. 1952లో రాజ్యసభ సభ్యురాలైన రుక్మిణీదేవి అరండేల్ పెట్టిన బిల్లు దానికి మూలం. ఆమె చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. అయినా ఆ 1952లోనే రాయలసీమలో జనం గంజి కేంద్రాల ముందు వరుసలు కట్టి నిలబడ్డారు. ఆ చట్టం ప్రకారం పశువుకు చాలినంత మేత, నీరు పెట్టకపోవడం యజమాని నేరం. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లాలో, వామి అడుగంటిన రైతు యేం చేయాలి? కట్టేసుకుంటే నేరం, అమ్మితే క్రూరుడు.

మా నాయన అమ్మాడు. వేరుశెనగ కట్టె అయిపోయింది. కప్పు మీది బోద పీకి పెట్టాడు. నాగజెముడు ముళ్ళు కాల్చి పెట్టాడు. పక్కటెముకలు లెక్కపెట్టగలిగే స్థితి వచ్చాక సంతకు తోలుకుపోయాడు, నన్నూ వెంట తీసుకుపోయాడు. బేరం తెగినాక ఎద్దు మెడనుంచి పలుపు విప్పి భుజాన వేసుకున్నాడు. కొన్నవాడు తన తాడు కట్టుకున్నాడు. పశువును అమ్మినా పలుపు అమ్మరాదు అన్నాడు నాయన. దారి పొడుగునా మరి మాట్లాడలేదు. ఆ పలుపు కొట్టంలో గుంజకు వేలాడుతూ వుండేది. మరుసటేడు బాడుగ ఎద్దులతో దున్నించాడు. ఆ పై యేటినుంచి ట్రాక్టరు.