విక్కా మార్గ ప్రవేశము - తెలుగునాటి దేవీదీక్షలతో ఒక తులనము

ఒక ఆధ్యాత్మిక మార్గమును గూర్చి చరిత్రకారుడు అడుగదగిన ప్రశ్నలు రెండు కలవు. ఆ మార్గము ఎప్పుడు పుట్టినది అనునది మొదటిది. మనుష్యుడు అందు ఏ విధముగా ప్రవేశించును అనునది రెండవది. సాధారణముగా మొదటి ప్రశ్నకే అగ్రస్థానము లభించుచున్నది. ప్రాచీనత సిద్ధించినచో గౌరవము, సిద్ధింపనిచో అనాదరము కలుగుచున్నవి. ఇంగ్లండులో ఇరువదవ శతాబ్ది నడుమ వెలువడిన విక్కా అను మతమును తెలుగునాటి దేవీదీక్షల ప్రక్కన నిలిపి చూచినచో, రెండవ ప్రశ్నయే విలువైనదని తోచును. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

విక్కాను లోకమునకు తెలియజేసినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్ (1884-1964). ఇతడు యౌవనమున సింహళములోని తేయాకు తోటలలో పనిచేసెను. పిదప మలయాలో సుంకపు ఉద్యోగిగా నుండి, 1936లో విరమించి స్వదేశమునకు మరలెను. 1939లో న్యూ ఫారెస్టు ప్రాంతమున నొక రహస్య కూటము తనకు దీక్ష యొసగినదని ఇతడు చెప్పుకొనెను. 1735 నాటి మంత్రవిద్యా శాసనము 1951లో రద్దయిన తరువాతనే ఈ మతమును గూర్చి బహిరంగముగా వ్రాయుటకు వీలు కలిగెను. 1954లో అతని 'విచ్‌క్రాఫ్ట్ టుడే' వెలువడెను. ఒక దేవి, ఒక దేవుడు, పూర్ణిమా పూజలు, సంవత్సరమున ఎనిమిది ఋతుపర్వములు, ఇతరులకు హాని చేయరాదను నియమము - ఇవి ఈ మతమునకు ముఖ్య లక్షణములు.

గార్డ్‌నర్ దీనిని క్రైస్తవమునకు పూర్వమందలి ప్రాచీన మతముగా భావించెను. ఆ భావమునకు ఆధారము మార్గరెట్ మర్రే 1921లో ప్రకటించిన గ్రంథము. ఐరోపాలో మంత్రగత్తెలని శిక్షింపబడినవారు నిజమునకు ఒక పురాతన మతమునకు చెందిన భక్తులని ఆమె వాదము. న్యాయస్థానముల పత్రములను సమగ్రముగా పరిశీలించిన పిదప ఈ వాదము నిలువలేదు. 1999లో రొనాల్డ్ హట్టన్ 'ది ట్రయంఫ్ ఆఫ్ ది మూన్' అను గ్రంథమున విక్కా ఆధునిక నిర్మాణమని సప్రమాణముగా చూపెను. ఫ్రీమేసనుల దీక్షాక్రమము, పందొమ్మిదవ శతాబ్ది మంత్రసమాజముల విధులు, ఆంగ్ల కవుల ప్రకృత్యారాధన, జానపదాచారములు ఇందు కలిసినవి. ఇట్లు వంశవృక్షము కూలినను మార్గము కూలలేదు. అనుయాయులలో పలువురు చరిత్రకారుని నిర్ణయమును అంగీకరించియే తమ సాధనను కొనసాగించిరి. ఇది మతచరిత్రలో గమనింపదగిన విశేషము.

ప్రవేశ విధానము సైతము అర్ధశతాబ్దిలోనే మారినది. గార్డ్‌నర్ సంప్రదాయమున మూడు దీక్షలు కలవు. చిన్న కూటములో, అంతకు ముందు దీక్ష నందినవారి చేతుల మీదుగా మాత్రమే ప్రవేశము. 1953లో దీక్ష గైకొన్న డోరీన్ వాలియెంటే ఆ కూటపు పూజావిధులకు చక్కని భాషారూపమును కల్పించెను. అమెరికాలో రేమండ్ బక్‌లాండ్ 1974లో ప్రకటించిన 'ది ట్రీ' అను గ్రంథము ఎవరికి వారే సంకల్పము చెప్పుకొని ప్రవేశించు విధిని సూచించినది. 1978లో వాలియెంటే కూడ స్వయందీక్షా విధిని ప్రకటించెను. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఏకాకిగా సాధన చేయువారికై గ్రంథము వ్రాసెను. ఈ విధమున గురువు లేని ప్రవేశము ప్రచారమునకు వచ్చినది. సంకల్పమునకు ముందు 'ఒక సంవత్సరము, ఒక దినము' అధ్యయనము చేయవలెనను నియమమును పలువురు పాటింతురు. తొందరపడి చేరినవాడు తొందరగానే విడుచునను వివేకము ఇందు కలదు.

ఇట్టి ప్రశ్న మన పల్లెలలో ఏ రూపమున నుండెనో చూడవలెను. నూజివీడు మామిడితోటల సీమలోని ముసునూరు ప్రాంతమును ఉదాహరణముగా గైకొందము. 2022 వరకు కృష్ణా జిల్లాలో నుండిన ఈ మండలము ఇప్పుడు ఏలూరు జిల్లాలో చేరినది. మండలములోని బలివేలో తమ్మిలేటి యొడ్డున శివరాత్రికి తిరునాళ్లు జరుగును. దక్షిణమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఫాల్గుణమున జాతర జరుగును. ఈ జనులను 'మీరెప్పుడు ఈ మార్గమున చేరితిరి' అని యడిగినచో ఆ ప్రశ్నయే వారికి వింతగా తోచును. గ్రామదేవతారాధనమున ప్రవేశద్వారము లేదు. ఊరిలో పుట్టుటయే ప్రవేశము, ఊరి పొలిమేరయే మతపు పొలిమేర. కోడలిగా వచ్చినది మెట్టిన యింటి దేవతను తన దేవతగా గైకొనును. ఇందు కొనియాడదగిన సామూహికత కలదు. కాని ఎవరు ఏ స్థానమున నిలిచి పూజింపవలెనో కులము ముందుగానే నిర్ణయించిన మాటయు మరువరాదు.

ఆ నిర్ణయము మిక్కిలి కఠినమైన రూపమును దాల్చిన చోటు స్త్రీల సమర్పణము. మాతంగి సంప్రదాయమును ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోను, థర్‌స్టన్ 1909లోను, ఎల్మోర్ 1915లోను వర్ణించిరి. మాదిగ కులమునకు చెందిన ఆ స్త్రీ జీవితాంతము దేవతా ప్రతినిధి. ఉత్సవ సమయమున అగ్రవర్ణముల వారిపై ఉమ్మి, వారిని తిట్టి, ఆవేశమున నృత్యము చేయును. వారు దానిని పావనముగా గ్రహింతురు. ఆ ఒక్క దినపు అధికారమునకు ఆమె జీవితమెల్ల మూల్యమయ్యెను. జోగిని, బసివి మొదలైన ఆచారములలో బాలికలను తల్లిదండ్రులే సమర్పించిరి. కాదనుటకు ఆ పిల్లకు వయసు లేదు, హక్కు లేదు. 1947 నాటి మద్రాసు శాసనము దేవదాసీ సమర్పణమును నిషేధించినది. అప్పటి కృష్ణా జిల్లాకును అది వర్తించినది. ఆంధ్రప్రదేశ్ 1988లో వేరుగా నిషేధ శాసనమును చేసినది. ఈ ఆచారముల ప్రాచీనతను కొనియాడువారు, ప్రవేశించినవారి అనుమతిని గూర్చి అడిగినచో ఏమి సమాధానము చెప్పగలరు?

ఈ రెండింటికిని భిన్నమైనది శ్రీవిద్యా సంప్రదాయము. పరశురామ కల్పసూత్రము శాంభవి, శాక్తి, మాంత్రి అను మూడు దీక్షలను చెప్పుచున్నది. గురుముఖతః మంత్రము లభింపనిదే అధికారము లేదు. ఇది ఎన్నుకొనిన మార్గమే యైనను, ద్వారము వద్ద గురువు నిలిచి యుండును. ఆ గురువును చేరుటకు కుల లింగ భేదములు పెక్కు చోట్ల అడ్డుపడినవి. ఆధునిక కాలమున ఆ ద్వారమును విశాలము చేసినవారిలో నిష్ఠల ప్రహ్లాదశాస్త్రి ప్రముఖుడు. ఇతడు బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో భౌతిక శాస్త్రజ్ఞుడు. పిమ్మట అమృతానందనాథ సరస్వతి యను దీక్షానామముతో ప్రసిద్ధుడై, అనకాపల్లి చెంత దేవీపురమున శ్రీచక్ర మేరు ఆకృతిలో ఆలయమును నిర్మించెను. 1983లో ఆరంభమైన ఆ యత్నము 1994లో పూర్తి యయ్యెను. కుల లింగ భేదము లేక అందరికిని పూజాధికారము నొసగుట ఆయన విధానము. 2015లో ఆయన పరమపదించెను. లండనులో గార్డ్‌నర్ అనుయాయులు నడచిన దారికిని, దేవీపురపు దారికిని పుట్టుక వేరు. కాని కోరి వచ్చినవానిని కులగోత్రములు అడుగక లోనికి పిలుచుట రెండింటను కనబడును.

ఇక ముసునూరులో నొకరు విక్కా సాధనను ఆరంభింప దలచినచో ఎదురగు మొదటి చిక్కు పంచాంగమునకు సంబంధించినది. ఎనిమిది పర్వములు ఇంగ్లండు ఋతువులను అనుసరించి 1950ల నాటికి కూర్పబడినవి. ఫిబ్రవరి మొదట వారికి చలి సడలుటకు తొలి సూచన; ఇచ్చట అప్పటికే మామిడి పూత. మే ఒకటి వారికి పూలపండుగ. ఇచ్చట కాయ కోత, వడగాలి. ఆగస్టు ఒకటి వారికి గోధుమ పంట. ఇచ్చట వరి నాట్లు. అక్టోబరు చివర వారికి పొలములు బోసిపోవును. ఇచ్చట వరి చేను ఈనుచుండును, తుపాను భయము వెన్నాడును. ఆస్ట్రేలియాలోని సాధకులు ఈ పర్వములను ఆరు మాసములు అటునిటు మార్చుకొనిరి. ఇచ్చట అట్టి మార్పును చాలదు. ప్రకృతిని పూజించు మతము కావున, ఎదుటనున్న ప్రకృతిని చూచి పర్వమును నిర్ణయించుకొనుటయే సాధకునికి తొలి పాఠము. అట్లు చేసినచో అతడు ఉగాది పచ్చడిలోని మామిడి ముక్కను, సంక్రాంతి ముంగిటి ముగ్గును క్రొత్త కన్నులతో చూడగలడు.

రెండవ చిక్కు భాషకు సంబంధించినది; ఇది మొదటిదానికంటె తీవ్రమైనది. ఆంగ్లమున 'విచ్' అను మాటను ఈ మతస్థులు గౌరవవాచకముగా గ్రహించిరి. ప్రాచీనాంగ్లమున 'విక్కా' యనగా మంత్రగాడనియే అర్థము. దానిని తెలుగున 'మంత్రగత్తె' యని అనువదించినచో, బాణామతి, చిల్లంగి, చేతబడి అను అపవాదుల బరువంతయు ఆ మాటపై పడును. ఈ నెపముతో మనుష్యులను కొట్టి చంపిన ఉదంతములు రెండు తెలుగు రాష్ట్రములలోను వినవచ్చినవి. హతులలో దిక్కులేని వృద్ధులును వితంతువులును కలరు. వారు ఏ మార్గమునందును ప్రవేశించినవారు కారు. ఇరుగుపొరుగు వారే వారిని ఆ పేరిట బంధించిరి. కలకత్తాలో 1986లో తాను విక్కా సాధకురాలనని బహిరంగముగా ప్రకటించిన ఇప్సితా రాయ్ చక్రవర్తి, వంగదేశపు పల్లెలలో మంత్రగత్తెలని ముద్రవేయబడిన స్త్రీల పక్షమున మాటలాడినది. తాను కోరి ధరించిన పేరును, ఇతరులు బలవంతముగా తగిలించిన పేరును వేరుపరచి చూపుట ఆమె మాటలోని సారము. మన పరిశోధకులు 'విక్కా' యను పదమునే యథాతథముగా గ్రహించుట మేలు. అనువాదకుని సౌకర్యమునకై ప్రమాదకరమైన పదమును వాడుట తగదు.

కావున మార్గములు నాలుగు విధముల ప్రవేశింపబడుచున్నవి. పుట్టుకచేత ప్రవేశము గ్రామదేవతారాధనమున. పరుల నిర్ణయముచేత ప్రవేశము మాతంగి, జోగిని ఆచారములందు. గురువు అనుగ్రహముచేత ప్రవేశము శ్రీవిద్యయందు. స్వసంకల్పముచేత ప్రవేశము ఇటీవలి విక్కాయందు. వీనిలో వయసున చిన్నది చివరిది. మూలము కల్పితమని తేలిన పిమ్మటను అది నిలిచియుండుటకు కారణము, ప్రవేశించినవాడు తన యిష్టముతో ప్రవేశించుటయే. అమెరికాలో 1986లో ఒక న్యాయస్థానము దీనిని మతముగా గుర్తించినది. 2007లో మృత సైనికుల సమాధులపై దీని పంచకోణ చిహ్నమును చెక్కుటకు ప్రభుత్వము అంగీకరించినది. ఆ నిర్ణయములకు ప్రాచీనత ప్రమాణము కాలేదు. విశ్వసించువారి చిత్తశుద్ధి ప్రమాణమైనది.

జాతరలను, దీక్షలను గూర్చి క్షేత్ర పరిశోధనకు బయలుదేరు విద్యార్థులు ఈ సంప్రదాయము ఎన్ని వందల యేండ్లదని అడుగుటతో తృప్తి చెందరాదు. ఎవరు ప్రవేశింపజేసిరి? ప్రవేశించినవారి వయసెంత? కాదనుటకు వారికి అవకాశముండెనా? ప్రవేశించిన పిదప వెలుపలికి వచ్చు దారి కలదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములను వ్రాసికొని వచ్చినచో, ఆ వ్రాతయే ఆ మార్గమునకు నిజమైన చరిత్ర యగును.