మోటుపల్లి అభయశాసనం: దయ, దాని షరతు

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనాన్ని, అంటే సముద్రవర్తకుల సరకుకు రాజు రక్షణ పలుకుతూ రాతిపై చెక్కించిన ప్రకటనను, సాధారణంగా ఆ రాజు ఔదార్యానికి నిదర్శనంగా చెబుతారు. నేటి బాపట్ల జిల్లాలోని ఆ ఊరి వీరభద్రాలయంలో ఉన్న ఈ శాసనపాఠాన్ని వాదక్రమాన్ని పట్టుకొని చదివితే, ఔదార్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది.

శాసనకర్త మొదట పూర్వరాజులపై నేరం మోపుతాడు. ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరి, తుఫానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వంటి సర్వస్వాన్నీ వారు బలవంతంగా తీసుకునేవారట. ఆ రాజులెవరో శాసనం చెప్పదు. తీరాంధ్రం కాకతీయుల చేతికి వచ్చి అప్పటికి అర్ధశతాబ్దమైనా కాలేదు గనుక, పాత ఏలుబడిని చెడ్డదిగా చూపడంలో కొత్త ప్రభువుకు ప్రయోజనముందన్నది మరువరాదు. ఆ తరువాత రాజు, ప్రాణం కంటే ధనమే మిన్న అని తలచి సముద్రయానానికి తెగించినవారిపై దయతోనూ, కీర్తినీ పుణ్యాన్నీ కోరీ, నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నానంటాడు.

ఈ వాదానికి ఆధారమైన భావన పైకి చెప్పనిది. ఒడ్డుకు చేరిన సరకు న్యాయంగా వర్తకుడిదేనని రాజు ఎక్కడా అనడు; దానిపై రాజుకు హక్కు లేదనీ అనడు. తనకు దఖలుపడగలదాన్ని దయతో వదులుకుంటున్నట్టే మాట్లాడతాడు. ఆ దయ కూడా సుంకం దగ్గర ఆగిపోతుంది: ఓడ పగిలి సగం సరకు సముద్రం పాలైన వర్తకుడు సైతం, మిగిలినదానిపై రావలసింది చెల్లించవలసిందేనని ఆ వాక్యానికి అర్థం.

శాసనంలో రాజు మనసును అన్నిటికంటే నమ్మకంగా తెలిపేది బహుశా చివరి పట్టికే. ఎగుమతి దిగుమతులపై ముప్పయింట ఒక వంతు సుంకమని చెప్పి, చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడం, మిరియాలు మొదలైనవాటికి వేరువేరుగా రేట్లు పేర్కొనడమే కాక, పోకలకు లక్షకింతని లెక్క కట్టిన ఈ భాగంలో దయ ప్రసక్తే లేదు. పుణ్యం కోరిన రాజూ పన్ను లెక్కించిన రాజూ ఒకే రాతిపై ఉండడంలో ఆనాటివారికి వైరుధ్యమేమీ కనిపించి ఉండదు. వర్తకుడికైతే, ఎంత పోతుందో ముందే తెలియడం రాజు మంచితనం కంటే పనికివచ్చే సంగతి.

అయితే హక్కుగా కాక అనుగ్రహంగా ఇచ్చిన రక్షణ, ఇచ్చిన ప్రభువు నిలిచినంతకాలమే నిలుస్తుంది. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తరువాత, 1358లో అదే రేవులో రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్లీ శాసనం వేయించి, వచ్చిన వర్తకులు తమ ఇష్టప్రకారం సరకు అమ్ముకొని వెళ్లవచ్చునని చెప్పడమే కాక, అపుత్రికాన్ని, అంటే కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని రాజు తీసుకునే ఆచారాన్ని, విడిచిపెడుతున్నట్టు ప్రకటించవలసి వచ్చింది.